వలువయు సిగ్గును: కొన్ని పాత సంగతులు

రజతోత్సవ సంచికకు ఏదేని చరిత్ర విషయమును వ్రాయుమని గ్రంథాలయ సంఘమువారు నన్ను కోరిరి. మన గ్రామపు ఇనాముల పుట్టుపూర్వోత్తరములు, చెరువు తూముల తగవులు ఇతరులు వ్రాయ పూనుకొన్నారు గనుక నేను వేరొక విషయమును గ్రహించితిని. మనుష్యుడు తన దేహములో ఎంత భాగమును కప్పుకొనవలెను, ఎంత కప్పుకొనకపోయినను తప్పు లేదు అను ప్రశ్నకు ఒక్కొక్క కాలమున ఒక్కొక్క సమాధానము చెప్పబడినది. ఆ సమాధానమును ఎవరు చెప్పిరి, ఎవరిచేత ఒప్పించిరి అనునదియే ఈ వ్యాసమునకు విషయము. ఇది నాజూకైన సంగతి. చదువరులలో స్త్రీలును విద్యార్థులును ఉన్నారని ఎరిగియే వ్రాయుచున్నాను. వారు చదువరాని దానిని నేను వ్రాయను. వారికి తెలియరానిదని దేనిని దాచను.

ముందు మాటనే చూతము. 'మానము' అనగా సంస్కృతమున గౌరవము, అభిమానము అని యర్థము. కొలత యనియు నర్థము కలదు. నావంటి లెక్కలవానికి ఆ యర్థమే ముందుగా తోచును. మన వాడుకలో మాత్రము 'మానము కాపాడుకొనుట' యనిన ఒంటిపై బట్ట నిలుపుకొనుటయే. గౌరవమునకు పేరైన పదము గుడ్డకు పేరై కూర్చున్నది. ఈ రెండింటికిని ముడి పడుటకు ఎంతో కాలము పట్టినది. పడిన తరువాతనైనను అది అందరి విషయమునను ఒకే తీరున పడలేదు.

భారతమున సభాపర్వ కథ అందరును ఎరిగినదే. దుశ్శాసనుడు ద్రౌపదిని సభకు ఈడ్చుకొని వచ్చునప్పుడు ఆమె ఏకవస్త్రయై యున్నది. పురాణ కాలక్షేపములలో ఈ విశేషణమును విని దాటిపోవుదుము. ఒక్క బట్టతో నున్నదని ప్రత్యేకముగ చెప్పవలసి వచ్చినదనగా తక్కిన దినములలో రెండు బట్టలు ధరించుట వాడుక యని తేలుచున్నది. నడుమునకు కట్టునది అంతరీయము, మీద వేసికొనునది ఉత్తరీయము. కత్తెరయు సూదియు తగులని వస్త్రములివి. రజస్వలయై లోపలింట కూర్చున్న స్త్రీకి ఒక్క వస్త్రము చాలును, సభకు చాలదు. కనుక ఆ కథ పుట్టిన నాటికే ఇంటికొక మర్యాద, సభకొక మర్యాద ఏర్పడియున్నవి.

భాగవతమున ప్రథమస్కంధములో నున్న మరియొక ఘట్టమును పెద్దలు అంతగా చెప్పరు. శుకమహర్షి దిగంబరుడై అడవిలో పోవుచుండెను. కొలనిలో జలకమాడుచున్న అచ్చరలు అతనిని చూచియు చీరలకై వెదకలేదు. వెనుకనే కుమారుని వెదకుచు వ్యాసభగవానుడు వచ్చెను. ఆయన వృద్ధుడు, బట్ట కట్టుకొన్నవాడు. ఆయనను చూడగనే వారు సిగ్గుపడి వలువలు చుట్టుకొనిరి. ఇదేమని ఆయన అడుగగా, నీకు ఆడు మగ యను భేదము తెలియును, నీ కుమారునకు ఆ దృష్టియే లేదు అనిరి. వేదములు విభజించినవానికి ఇంతకంటె గట్టి జవాబు ఎవరును చెప్పియుండరు. ఇక్కడ సిగ్గునకు కారణము చూడబడు దేహమున లేదు, చూచు కంటిలో నున్నది. ఇదే భాగవతమున దశమస్కంధమందు గోపికలు నోములో నుండి విగతవస్త్రలై నీట దిగుట దైవాపరాధమని కృష్ణుడు వాదించును. ఒక్క గ్రంథముననే రెండు పక్షములును ఉన్నవి. మనవారికి ఈ విషయమున ఎల్లకాలమును ఒకే మాట యుండెనని చెప్పువారు ఈ రెండు స్కంధములను ప్రక్కప్రక్కన పెట్టి చదువవలెను.

ఇక శిల్పములు. 1797లో మెకంజీ దొర కన్నులబడిన నాటినుండి అమరావతి స్తూపపు పాలరాళ్ళు చెదరిపోవుచు, కొన్ని చెన్నపట్టణపు ఎగుమూరు మ్యూజియమునకును, కొన్ని లండను బ్రిటిష్ మ్యూజియమునకును చేరినవి. సాతవాహనుల నాటి ఆ శిల్పములలో స్త్రీలు నడుమునకు పలుచని వస్త్రమును, దానిపై మొలనూళ్ళను, మెడలో హారములను, కాళ్ళకు బరువైన కడియములను ధరింతురు. రొమ్ముపై వస్త్రము కానరాదు. దాసీలును అట్లే యున్నారు; బుద్ధుని కన్న మాయాదేవియు అట్లే యున్నది. భక్తితో చెక్కిన చోటనే ఈ రూపము కలదు. చూచుటకు వచ్చినవారు భిక్షువులు, ఉపాసికలు, వర్తకుల కుటుంబములవారు. దానమిచ్చినవారి పేర్లలో స్త్రీల పేర్లు విస్తారముగ నున్నవి.

నాగార్జునకొండలో దొరికిన ఒక చిన్న శిల్పము ఇంతకంటెను ఆశ్చర్యకరమైనది. శిరస్సు లేక, కాళ్ళు రెండు ప్రక్కలకు మడచుకొని, దిగంబరముగ కూర్చున్న మాతృదేవత అది. ఇట్టి మూర్తులను నేటివారు లజ్జాగౌరి యందురు. అలంపురమునను ఒక ప్రసిద్ధమైన మూర్తి కలదు. సంతానముకై కొలుచు దేవత. నాగార్జునకొండ విగ్రహముపై శాసనమొకటి చెక్కబడియున్నది. దానిని చేయించినది ఇక్ష్వాకు రాజైన ఎహువుల చాంతమూలుని భార్య, మహాదేవి ఖండువుల. తాను అవిధవననియు జీవపుత్రననియు ఆమె చెప్పుకొన్నది. భర్తయు బిడ్డలును చల్లగానున్న పట్టమహిషి, తన పేరు చెక్కించి మరీ సమర్పించిన విగ్రహమును ఈ దినమున మనము పిల్లలకు చూపుటకు వెనుదీయుదుము. లజ్జాగౌరి యను పేరు తరువాతివారు పెట్టినది. ఆ లజ్జ పేరు పెట్టినవారిది గాని ఖండువులది కాదని నా యభిప్రాయము.

మన గ్రంథాలయమున ఆంధ్ర శిల్పములను గూర్చిన పటముల గ్రంథమొకటి కలదు. అందులో కొన్ని పుటలపై ఎవరో తెల్లకాగితము అంటించినారు. ఎవరని నేను విచారింపలేదు. మంచి యుద్దేశముతోనే చేసియుందురు. కాని కాగితము క్రింద నున్నది మాయాదేవి.

ఇచ్చట ఒక హెచ్చరిక చెప్పవలసియున్నది. శిల్పమును చూచి ఆ కాలపు స్త్రీలందరును వీథిలో అట్లే తిరిగిరని నిర్ణయించుట తొందరపాటు. పొలము పటము వేరు, పొలము వేరు. ఈ సంగతి భూమి తగవులు చూచినవారికి తెలియును. ఏడవ శతాబ్దమున చీనా యాత్రికుడు హుయన్‌త్సాంగ్ ఆంధ్రదేశమునకును ధాన్యకటకమునకును వచ్చి పోయినవాడు. ఈ దేశపువారి వస్త్రములు కత్తిరించి కుట్టినవి కావనియు, పురుషులు బట్టను నడుమునకు చుట్టి చంకక్రిందుగా తీసికొందురనియు, స్త్రీల వస్త్రము భుజములను కప్పి నేలకు జీరాడుననియు అతడు హిందూదేశమును గూర్చి సామాన్యముగ వ్రాసినాడు. రాతిలో లేని పయ్యెద అతని వ్రాతలో నున్నది. శిల్పి సౌందర్యమునకై తీసివేసెనో, అతి పలుచని బట్టను రాతిలో చూపుటకు వేరు దారి లేకపోయెనో, ప్రాంతమునకొక రీతి యుండెనో, ఈ మూడును కొంత కొంత నిజములే కావచ్చును. నిశ్చయముగ చెప్పదగిన దొక్కటి కలదు. అట్టి రూపమును దేవాలయ ద్వారమున నిలుపుటకు ఆ కాలమువారికి ఆటంకము తోచలేదు. రామప్ప గుడిలో 1213 ప్రాంతమున చెక్కిన మదనికలనాటికిని తోచలేదు.

కాకతీయుల కాలమున వెనిసు వర్తకుడు మార్కోపోలో చెప్పిన సంగతి ఇంకను చమత్కారమైనది. అతడు మోటుపల్లి రాజ్యమును గూర్చి చెప్పుచు, అక్కడి సన్నని వస్త్రములు సాలెగూటివలె నుండుననియు, వానిని ధరించుటకు ఏ రాజైనను రాణియైనను సంతసింపవలసినదే యనియు మెచ్చుకొనెను. అతడే దక్షిణమున మాబరు దేశమును, అనగా పాండ్యుల నాటి అరవదేశపు తీరమును వర్ణించుచు, ఆ దేశమంతటను దర్జీవాడు కానరాడనెను. పేదలును ధనికులును మొలకొక గుడ్డ చుట్టుకొందురు, రాజును అంతే. ఆ రాజు ఒంటిపై రత్నములును ముత్యములును మాత్రము ఒక పట్టణము వెల చేయునట్టివి ఉన్నవట. లోకమునకు బట్ట నేసి యిచ్చు తీరమున రాజునకు అంగీ లేదు! లేమిచేత లేకపోవుట కాదు. మా దేశపు ఉక్కకు అంగీ తొడిగిన రాజును చూచి జనులు నవ్వియుందురు.

దిగంబర యోగులను అతడు ప్రశ్నించినప్పుడు వారు చెప్పిన ప్రత్యుత్తరమును గూడ పోలో వ్రాయించినాడు. దిగంబరులమై పుట్టితిమి, దేహముతో పాపము చేయము, కావున మీకు చేయి చూపుటకు ఎంత సిగ్గో మాకు ఇది చూపుటకు అంతే సిగ్గు అనిరట. కొలనిలో అచ్చరలు శుకుని విషయమున చెప్పిన మాటయే ఇది. వెనిసు వర్తకుడు భాగవతమును వినియుండడు గదా.

యోగుల మాట వచ్చినది గనుక దిగంబర సంప్రదాయమును గూర్చి రెండు మాటలు. జైనులలో దిగంబర శ్వేతాంబర శాఖల పేర్లే బట్టనుబట్టి వచ్చినవి. మన భాషకును ఈ శాఖకును దగ్గర చుట్టరికము కలదు. కరీంనగరము సీమలో కురిక్యాల దగ్గర బొమ్మలమ్మగుట్ట మీద, పంపకవి సోదరుడైన జినవల్లభుడు పదియవ శతాబ్దమున జినబింబములను చక్రేశ్వరీదేవిని చెక్కించి, శాసనమున తెలుగు కందపద్యములు వ్రాయించెను. నన్నయకు పూర్వపు కందములవి. ఆ శతాబ్దాంతముననే చావుండరాయడు శ్రవణబెళగొళమున ఏబదియేడడుగుల గోమటేశ్వరుని నిలిపెను. పండ్రెండేండ్ల కొకమారు జరుగు మహామస్తకాభిషేకమునకు, కడపట 2018లో జరిగినదానికి గూడ, ఆబాలవృద్ధముగ కుటుంబములు పోయి ఆ దిగంబర మూర్తికి చేతులెత్తి మ్రొక్కినవి. అచ్చట ఎవ్వరును కన్నులు మూసికొనలేదు.

అయినను ఈ సంప్రదాయమునందే ఒక మెలిక యున్నది. వస్త్రము విడువక మోక్షము లేదు, స్త్రీ వస్త్రము విడువరాదు, కావున స్త్రీజన్మమున మోక్షము లేదు. ఇది దిగంబరుల వాదము, శ్వేతాంబరులు ఒప్పుకొనలేదు. పురుషునకు నిచ్చెనయైన దిగంబరత్వము స్త్రీకి తలుపుగడియ యయ్యెను. పండ్రెండవ శతాబ్దమున ఆ గడియను తీసినది వీరశైవులలో అక్కమహాదేవి. ఆమె కన్నడదేశపు ఉడుతడిలో పుట్టి, భోగభాగ్యములను కట్టుబట్టలతో సహా వదలి, కురులే కప్పుగా కల్యాణమునకు వచ్చెను. అన్నియు విడిచినదానవు కురులతో ఏల కప్పుకొంటివని అల్లమప్రభువు నిలదీయగా, చూచు మీకు ఇబ్బంది కలుగకుండుటకని ఆమె ఉత్తరమిచ్చెనని వీరశైవులు చెప్పుదురు. చివరకు ఆమె శ్రీశైలమునకు వచ్చి కదళీవనమున శివైక్యమందెను. కృష్ణ యొడ్డున ఆమె పేర నున్న గుహను మన గ్రామమువారు చాలమంది చూచియే యున్నారు. మన వేమనకును చిత్రకారులు బట్ట కట్టలేదు. కాశిలో పంచగంగా ఘట్టమున దిగంబరుడై చిరకాలము వసించి 1887లో దేహము చాలించిన త్రైలింగస్వామి మన విజయనగరము ప్రాంతమువాడే. ఆయనను తెల్లదొరలు బట్ట లేదని ఖైదులో పెట్టించిరనియు, తాళము వేసిన గది విడిచి ఆయన మిద్దెమీద తిరిగెననియు కథలు చెప్పుదురు. తాళము సంగతి భక్తుల విశ్వాసము. దొరల సంగతి మాత్రము నమ్మదగియే యున్నది, ఏలయనగా అప్పటికి క్రొత్త చట్టము వచ్చియున్నది. దానిని తరువాత చెప్పెదను.

ఇంతవరకు చెప్పినది ఇష్టముతో విడిచినవారి కథ. ఇష్టము లేక విడువవలసి వచ్చినవారి కథ వేరు. నా మనస్సు ఎక్కువగా దానియందే యున్నది.

తిరువాన్కూరు సంస్థానమున పెద్దవారియెదుట పై బట్ట తీయుట మర్యాద. గుడిలో దేవునియెదుట, కోటలో రాజునెదుట అగ్రజాతులవారు సహా తీయవలెను. పైవానికి క్రిందివాడు ఒళ్ళు చూపి నిలువవలెనన్నది న్యాయము. ఈ నిచ్చెనలో క్రింది మెట్లనున్న చాన్నారులు, అనగా కల్లుగీత వృత్తిగాగల నాడారులు, పులయలు మొదలగువారి స్త్రీలు ఎవరియెదుటనైనను రొమ్ము కప్పుకొనరాదు. కావున వారికి సిగ్గు లేదని కాదు. సిగ్గుపడు నధికారము వారికి లేదు. మోకాలికి క్రిందుగా బట్ట కట్టుట, గొడుగు పట్టుట, చెప్పులు తొడుగుట, బంగారము ధరించుట గూడ ఆ జాతికి నిషిద్ధములే. ములక్కరమని ఒక పన్ను పేరు ఈ సందర్భమున వినబడుచుండును. రొమ్ము కప్పుకొన్నందుకు వేసిన పన్నని లోకులు చెప్పుదురు. పురుషుల తలపన్నుకు తలక్కరమనియు స్త్రీల తలపన్నుకు ములక్కరమనియు పేరు, కప్పుటకును పన్నుకును సంబంధము లేదని పరిశోధకులు కొందరు. పన్నుల పేర్లు చదువుట అలవాటైనవాడను గనుక నాకు ఈ రెండవ మాటయే సమంజసముగ తోచును. పన్ను కథ తొలగించినను నిషేధము నిషేధముగనే నిలిచియున్నది.

చాన్నారులలో కొందరు క్రైస్తవులైరి. కర్నల్ మన్రో దివానుగా నున్నప్పుడు, 1813–14 ప్రాంతమున, క్రైస్తవ చాన్నారు స్త్రీలు కుప్పాయమను పొట్టి రవికె తొడుగుకొనవచ్చునని ఉత్తరువయ్యెను. ఆ స్త్రీలకు రవికెతో తృప్తి కలుగలేదు. నాయరు స్త్రీలు భుజముపై వేసికొను మేల్‌ముండు తమకును కావలెననిరి. రవికె క్రైస్తవుల గుర్తు, మేల్‌ముండు పై జాతి గుర్తు. వారు కోరినది రెండవది. చలికిగాని ఎండకుగాని కోరినది కాదని ఉభయ పక్షములవారికిని తెలియును. 1822లో మొదలై 1829 వరకు సంతలలో స్త్రీల పైబట్టలు లాగి చింపుట, పాఠశాలలు తగులబెట్టుట జరిగెను. 1829 ఫిబ్రవరిలో సంస్థానము ఆజ్ఞ వెడలించెను: రవికె తొడుగవచ్చును, మేల్‌ముండు వేయరాదు.

ముప్పది యేండ్లు గడచినవి. ఈ నడుమ వైకుంఠస్వామి యను మహనీయుడు ఆ జాతిలో పుట్టి, పురుషులు తలపాగా చుట్టియే దేవుని కొలువవలెనని బోధించెను. తల వంచి బట్ట తీసి నిలిచినవారికి తలపాగా ఎంతటి మందో ఊహింపుడు. 1858లో విక్టోరియా రాణి ప్రకటన వెలువడిన తరువాత మరల కలహములు చెలరేగినవి. ఇండ్లును ప్రార్థనా మందిరములును కాలిపోయినవి. చెన్నపట్టణపు గవర్నరు ట్రెవిలియన్ సంస్థానమును గట్టిగా హెచ్చరించెను. తుదకు 1859 జూలై 26వ తేదీన మహారాజు ఉత్తరువు చేసెను. చాన్నారు స్త్రీలు ఏ మతమువారైనను రవికె తొడుగవచ్చును, ముతకబట్టను జాలరి స్త్రీలవలె చుట్టుకొనవచ్చును. కాని పై జాతి స్త్రీలు వేసికొను రీతిని మాత్రము వేసికొనరాదు. ఈ కడపటి వాక్యమును నేను పలుమారులు తలపోసితిని. అప్పటికి దేహమును కప్పుటకు అందరును ఒప్పుకొన్నారు. కప్పు విధము ఒకటి కాకూడదన్నదే మిగిలిన పట్టుదల. నలుబది యేండ్ల రక్తపాతము దేనికొరకో ఆ ఒక్క వాక్యము చెప్పుచున్నది. ఈ చరిత్రను తొమ్మిదవ తరగతి పుస్తకమున చేర్చియుండగా, 2016 డిసెంబరులో కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి ఆ భాగమును పాఠ్యప్రణాళిక నుండి తొలగించెను. పరీక్షలో అడుగరు గనుక పిల్లలు చదువరు. గ్రంథాలయమునకు వచ్చి చదువవచ్చును.

మన తెలుగుదేశమున ఇట్టి యుత్తరువులు నాకు కనబడలేదు. అలవాటే ఉత్తరువు పని చేసినది. మొన్నమొన్నటివరకు కూలికి పోవు స్త్రీలలో చాలమందికి రవికె లేదు. చీర చెంగునే బిగించి చుట్టుకొనెడివారు. ఏ కులమునందైనను బాగుగ ముదిసిన స్త్రీలు రవికె తొడుగకపోయినను ఎవరును వింతగ చూడలేదు. మా నాయనమ్మ జన్మమున రవికె ఎరుగదు. పేరంటములలో పసుపు కుంకుమలతో ఇచ్చు రవికగుడ్డలు మాత్రము ఆమె భోషాణము నిండ నుండెను. ఒంటిపై ఒక్కటియు లేదు! కుట్టించుకొనరాదా యని కోడండ్రు అడిగిన, ఊపిరాడదనెడిది. ఆమె పయిట భుజముమీదినుండి జారగా నేనెన్నడును చూడలేదు. అదే వీథిలో మరియొక యింట తల గొరిగించుకొన్న విధవరాలు కలదు. ఆమెకును రవికె లేదు. కాని ఆమెకు అది శిక్ష. భర్త పోయిన దినముననే విప్పించిరి, పేరంటమున ఆమెకు రవికగుడ్డ ఇయ్యరు. ఒకే వీథిలో ఇద్దరు వృద్ధులకు ఒకే వేషము. చూచువారికి భేదము లేదు, వారికి మాత్రము ఆకాశమునకును భూమికిని ఉన్నంత భేదము.

కుట్టుమిషను పల్లెకు వచ్చుట, ఆడపిల్లలు బడికి పోవుట, మరమగ్గపు బట్ట చౌకయగుట, ఈ మూడింటితో ఈ వ్యవహారము తగవులు లేకయే సాగిపోయినది. విధవకు రవికె తొడిగించుటకు మాత్రము సంస్కర్తలు పోరాడవలసి వచ్చెను.

ఇక చట్టము. మెకాలే మొదలగువారు చిత్తు వ్రాసిన భారత శిక్షాస్మృతి 1860లో శాసనమై 1862 జనవరి 1 నుండి అమలునకు వచ్చెను. అందు 292వ సెక్షను అశ్లీల గ్రంథములను, చిత్రములను అమ్ముట నేరమని విధించెను. 294వది బహిరంగ స్థలములందలి అశ్లీల చేష్టలను గూర్చినది. 292కు అప్పుడే ఒక మినహాయింపు చేర్చిరి: దేవాలయములందును, దేవతలను ఊరేగించు రథములపైనను చెక్కిన లేక చిత్రించిన రూపములకు ఈ సెక్షను వర్తింపదు. చిత్తు వ్రాసిన దొర ఏ యూరి రథమును చూచి ఈ వాక్యము వ్రాసెనోయని నాకు ఎప్పుడును వింతగ నుండును. మన గ్రామ రథపు అడుగు అంతస్తున నున్న కొయ్యబొమ్మలను కల్యాణోత్సవమున గోనెలతో కప్పుచున్నవారు ఈ మినహాయింపును ఎరుగరు గాబోలు. ఇంగ్లండునందు 1868లో హిక్లిన్ వ్యాజ్యమున, చెడు తలంపులకు లోనగు మనస్సు గలవారిని ఆ వ్రాత పాడుచేయునా యన్నదే గురుతుగ నిర్ణయమయ్యెను. అనగా బలహీనుడైన చదువరి ఒక్కడు లోకమునకెల్ల కొలతయైనాడు. మన కోర్టులును నూరేండ్లకు పైగ ఆ కొలతనే పట్టుకొనినవి. 1969లో చట్టమును సవరించి శాస్త్ర సాహిత్య కళలకై ప్రజాహితమున ప్రకటించినవానికి రక్షణ కల్పించిరి. 2014లో అవీక్ సర్కార్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు హిక్లిన్ కొలతను విడిచి, దిగంబర చిత్రమైనంత మాత్రమున అశ్లీలము కాదనియు, సమకాలిక సమాజపు ప్రమాణముతో మొత్తమును చూడవలెననియు తీర్పు చెప్పెను. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయసంహిత శిక్షాస్మృతి స్థానమున అమలునకు వచ్చినది. రథముల మినహాయింపు అందులోను నిలిచియున్నది.

ఈ చట్టము దెబ్బ తెలుగు పుస్తకమొకదానికి తగిలెను. తంజావూరు ప్రతాపసింహ మహారాజు కొలువున నుండిన ముద్దుపళని పదునెనిమిదవ శతాబ్దమున రాధికాసాంత్వనమను శృంగార ప్రబంధమును రచించెను. 1887లో అచ్చుపడినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు కవుల చరిత్రమున దీనిని స్త్రీ నోట రాదగనిదని నిందించిరి. ఆయన చేసిన ఉపకారమును మన ఆడపడుచులు మరువజాలరు. కాని ఈ విషయమున ఆయన తూనిక సమముగ లేదు. పురుషులు వ్రాసిన ప్రబంధములలో దీనికి తీసిపోని ఘట్టములు కుప్పలుగ నున్నవి. ఈ మాటయే బెంగుళూరు నాగరత్నమ్మగారు అడిగిరి: సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు లేదా యని. తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధికి మందిరము కట్టించిన గాయకురాలు ఆమెయే. పూర్వ ముద్రణమున పద్యములను, కవయిత్రి వంశవర్ణనను వదలివేసిరని కనుగొని, ప్రాచీన ప్రతిని సంపాదించి, 1910లో వావిళ్ళవారిచేత సమగ్రముగ అచ్చు వేయించెను. పత్రికలలో దుమారము లేచినది. ప్రభుత్వమువారు అశ్లీలమని అభ్యంతరము పెట్టి ప్రతులను పట్టుకొనిరి. అదే వావిళ్ళవారి యంగడిలో పురుషకవుల శృంగారము యథేచ్ఛగ అమ్ముడుపోవుచునే యుండెను. నిషేధము ముప్పదియైదేండ్లకు పైగ నిలిచి, 1947లో టంగుటూరి ప్రకాశం పంతులుగారు ప్రధానిగా నున్నప్పుడు తొలగినది. 1952లో వావిళ్ళవారు మరల ముద్రించిరి.

మన గ్రంథాలయమున దాని ప్రతి యొకటి కలదు. పుస్తకముల పట్టికలో దాని పేరు వ్రాయలేదు. ఉన్నదని తెలిసినవారు అడిగిన, లోపలి బీరువా తెరచి ఇత్తురు. ఇరువదియైదేండ్లలో దానిని తీసికొన్నవారి సంతకములు తొమ్మిది. అందు స్త్రీలవి లేవు. ఆ గ్రంథమును పట్టికలో చేర్పవలెననియు, శిల్పముల పుస్తకమున అంటించిన కాగితములను నీటితో తడిపి జాగ్రత్తగ ఊడదీయింపవలెననియు సంఘమువారికి విన్నపము వ్రాసి యిచ్చితిని. వచ్చే సమావేశమున విచారింతుమని కార్యదర్శిగారు సెలవిచ్చిరి.